ఆల్ప్స్‌లో హట్ నుంచి హట్‌కి నడవాలంటే పర్లాకిమిడిలో ఉండి ఎలగ ప్రిపేర్ అవ్వాలి

మా పర్లాకిమిడి వైపు శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కి వచ్చేవాళ్లు బోల్డంతమంది, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం వెళ్లి గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు రాత్రికి రాత్రి చెప్పుల్లేకుండా తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు, అందుకని ఆల్ప్స్ అనగానే మనవాళ్లు చలి గురించి అడుగుతారు, వీసా గురించి అడుగుతారు, అక్కడ తిండి ఏటి దొరుకుతాది అని అడుగుతారు, నడక గురించి మాత్రం ఒక్కరూ అడగరు. నడక మనకి వచ్చు కదా అని. నేనూ అలాగే అనుకున్నాను.

మా అక్కావాళ్లు మ్యూనిక్‌లో ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ బావగారూ మ్యాప్ చూసి, ఎనిమిది కిలోమీటర్లే కదా, మూడు గంటల్లో పడిపోతాం అని మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా బయల్దేరాం. హట్‌కి, అంటే కొండ మీద నడిచేవాళ్లు రాత్రి పడుకునే బసకి, చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. జూలై కాబట్టి ఇంకా కొంచెం వెలుతురు ఉంది. హట్ నడిపే పెద్దాయన బయట రాళ్ల మీద నిలబడి బైనాక్యులర్ పట్టుకుని కింద దారంతా వెతుకుతున్నారు, ఎవరి కోసమా అనుకున్నాను, మా కోసమే. బుకింగ్‌లో రెండు పేర్లు ఉన్నాయి, మనుషులు రాలేదు, ఫోన్ చేస్తే తగల్లేదు, ఇంకో అరగంట చూసి రెస్క్యూ వాళ్లకి ఫోన్ చేసేవారంట. ఒక్క మాట అన్లేదు, వంటింట్లోకి వెళ్లి సూప్ వేడి చేసి తెచ్చి పెట్టారు. పొద్దున్న మేం బయల్దేరుతుంటే మాత్రం మ్యాప్ తీసి బల్ల మీద పరిచి, కిలోమీటర్లు చూడకండి, ఎత్తు చూడండి అని మ్యాప్ మీద ఎత్తు చూపించే గీతలు వేలితో లెక్కపెట్టి చూపించారు. ఆ పొద్దుట నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి మన పిల్లలు చాలామంది జర్మనీకి చదువుకోడానికి వెళ్తున్నారు, శెలవలకి కొండలెక్కుతున్నారు, వాళ్లని చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలకి కూడా ఎక్కాలని ఉంటోంది.

ముందు ఆ లెక్క చెప్తాను, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఆల్ప్స్‌లో దారి పక్క బోర్డుల మీద ఎక్కువగా కిలోమీటర్లు ఉండవు, గంటలు ఉంటాయి. ఆ గంటలు ఎలగ వేస్తారంటే, గంటకి 300 మీటర్ల ఎత్తు ఎక్కగలం, 500 మీటర్లు దిగగలం, చదునుగా అయితే 4 కిలోమీటర్లు నడవగలం అనుకుంటారు. ఎక్కడం దిగడం కలిపి ఒక టైమ్ వేస్తారు, దూరానికి విడిగా ఇంకో టైమ్ వేస్తారు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది పూర్తిగా తీసుకుని, తక్కువదాన్ని సగం చేసి కలుపుతారు. ఒక ఉదాహరణ చూడండి. దారి 9 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 900 మీటర్లు, దిగాల్సింది 300 మీటర్లు అనుకోండి. ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 36 నిమిషాలు, మొత్తం 3 గంటల 36 నిమిషాలు. దూరానికి 9ని 4తో భాగిస్తే రెండుంపావు గంటలు. పెద్దది 3 గంటల 36 నిమిషాలు, చిన్నదాంట్లో సగం గంటా 8 నిమిషాలు, అంటే దాదాపు నాలుగుముప్పావు గంటలు. ఇందులో కూర్చోడం, నీళ్లు తాగడం, ఫొటోలు తీసుకోడం ఏదీ లేదు. మనలాంటి కొత్తవాళ్లు దానికి పావు వంతు కలుపుకోవాలి, అంటే ఆరు గంటలు. ఆరు గంటల నడకని మనం మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టాం, ఎంత పొరపాటో మీకే అర్థమవుతాది.

గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు తిరిగిన కాళ్లు 8 కిలోమీటర్లకి ఎందుకు ఓడిపోయాయంటే, సింహాచలం చుట్టూ మనం కొండకి పక్కనుంచి తిరుగుతాం, ఇక్కడ కొండ మీదుగా వెళ్లి అవతల దిగాలి. అంతే తేడా.

ఇక్కడ మాట ఒకటి చెప్పాలి. రెండు కొండల మధ్య కొంచెం పల్లంగా, ఇటునుంచి అటు దాటడానికి వీలుగా ఉండే చోటుని ఇంగ్లీషులో పాస్ అంటారు, మన తెలుగులో దానికి చక్కటి పేరు ఉంది, కనుమ. మనం ఉండేదే తూర్పు కనుమల్లో, అయినా ఆ మాటకి అర్థం ఎవరూ పట్టించుకోం. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ వెళ్లేవాళ్లు బస్సులో కూర్చుని కనుమ దాటుతున్నట్టే. జర్మన్ మాట్లాడే చోట్ల మ్యాప్ మీద పేరు చివర యోఖ్ అనో, జాటెల్ అనో, షార్టె అనో ఉంటే అది కనుమ అని గుర్తు పెట్టుకోండి, యోఖ్ అంటే ఎద్దుల మెడ మీద వేసే కాడి, జాటెల్ అంటే గుర్రం మీద జీను, ఆకారం చూస్తే ఎందుకు ఆ పేర్లు పెట్టారో తెలిసిపోతాది. షార్టె అంటే మాత్రం కొంచెం జాగ్రత్త, అది గొడ్డలితో నరికిన గంటులాగ ఇరుగ్గా, నిటారుగా, రాళ్లు జారేటట్టు ఉంటాది. ఫ్రాన్స్ వైపు కోల్ అంటారు, ఇటలీలో పాస్సో, ఫోర్చెల్లా అంటారు.

ఇప్పుడు ట్రైనింగ్. కనీసం మూడు నెలలు ముందు మొదలుపెట్టండి. పర్లాకిమిడిలో మనం ఉండేది సముద్ర మట్టానికి 150 మీటర్ల లోపు ఎత్తులో, మహేంద్రగిరి శిఖరం 1501 మీటర్లు. అటు రాయగడ, జయపురం వైపు వాళ్లకి ఇంకా మంచి కొండ ఉంది, కోరాపుట్ జిల్లాలో దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది. రెండిట్లోనూ బళ్లు చాలా పైదాకా వెళ్లిపోతాయి, అదే మనకి నష్టం. బండి కింద పెట్టి నడవండి. ఊరివాళ్లని అడిగి, వీలైతే ఆ ఊరి మనిషిని ఒకర్ని డబ్బులిచ్చి తోడు తీసుకుని, పొద్దున్నే వెళ్లి చీకటి పడకముందే దిగిపోండి, గజపతి జిల్లాలో ఏనుగులు తిరుగుతున్నాయి, ఎలుగుబంట్లూ ఉన్నాయి, ఇది ఊరికే చెప్పే మాట కాదు. నియమగిరి వైపు మాత్రం ప్రాక్టీస్ కోసమని వెళ్లకండి, అది డోంగ్రియా కొంధులకి దేవుడు, వాళ్లు పిలిస్తే వెళ్లాలి.

వారంలో రెండు రోజులు ఊళ్లోనే మెట్లు, ఒకరోజు కొండ. బ్యాగ్‌లో మొదట ఏమీ వెయ్యకండి, రెండో వారం నుంచి రెండు కేజీల బియ్యం, అలా పెంచుకుంటూ ఏడెనిమిది కేజీల దాకా. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు బియ్యం బదులు నీళ్ల బాటిళ్లు వేసుకోండి, పైకి మోసుకెళ్లి అక్కడ పారబోసి ఖాళీ బ్యాగ్‌తో దిగొచ్చు, ఎక్కడానికి బలం వస్తాది, దిగేటప్పుడు మోకాలి మీద బరువు పడదు. నెలన్నర గడిచాక మాత్రం బరువుతోనే దిగడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే ఆల్ప్స్‌లో మనవాళ్లని పడగొట్టేది ఎక్కడం కాదు, దిగడమే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగుతాం, తగ్గిపోతాది. దిగేటప్పుడు తొడ కండ అలిసిపోతే మనకి తెలీదు, కాలు వణుకుతుంటాది, అయినా నడుస్తాం, ఆ వణుకులోనే అడుగు తప్పుతాది.

దిగడం ఎలగో నేర్చుకోవాలంటే సంత రోజున సవరవాళ్లు కొండ దిగడం చూడండి. నెత్తి మీద పనసకాయలో, చింతపండు బుట్టో, అల్లమో ఉంటాది, అయినా తల కదలదు. అడుగు చాలా చిన్నది, మోకాలు ఎప్పుడూ కొంచెం వంగే ఉంటాది, మడమ కొట్టరు, పాదం మొత్తం ఆనుస్తారు, వెనక్కి వాలరు. మనం భయపడి వెనక్కి వాల్తాం, అలా వాలగానే కాలు జారుతాది. నేను కోయిన్‌పూర్ దారిలో ఒక ముసలామె వెనకాల గంటన్నర అలాగే అడుగులో అడుగు వేసుకుంటూ దిగాను, ఆ గంటన్నరలో నేర్చుకున్నది తర్వాత ఎక్కడా నేర్చుకోలేదు. ట్రెకింగ్ పోల్స్, అంటే నడకకి పట్టుకునే కర్రలు, రెండు కొనుక్కోండి, దిగేటప్పుడు పొడుగు పెంచుకుని ముందు పోల్ తర్వాత కాలు. షూ ఇక్కడే కొని కనీసం ఐదారుసార్లు కొండకి వేసుకెళ్లి మెత్తబడ్డాకే విమానం ఎక్కించాలి, సైజు బొటనవేలుకి ముందు కొంచెం ఖాళీ ఉండేలాగ తీసుకోండి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. బయల్దేరే ముందు గోళ్లు కత్తిరించుకోడం కూడా అందుకే.

యూరప్ ఖర్చు పెట్టేముందు ఒకసారి మన దేశంలోనే హట్ నడక ఎలా ఉంటాదో చూడాలంటే సందక్‌ఫూ వెళ్లండి. బరంపురం మీదుగా గౌహతి వైపు వెళ్లే రైలెక్కితే న్యూ జల్పాయిగుడిలో దిగొచ్చు, అక్కడ్నుంచి నడక మొదలయ్యే మానేభంజన్. సందక్‌ఫూ 3636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తు, దారిలో తుమ్లింగ్, కాలీపోఖ్రీ లాంటి చోట్ల లాడ్జిలు, ట్రెకర్స్ హట్‌లు ఉన్నాయి, టెంట్ మొయ్యక్కర్లేదు, ఆకాశం బాగుంటే కాంచన్‌జంగా ఎదురుగా కనిపిస్తాది. వానాకాలంలో ఆ దారి ఉన్న సింగలీలా పార్క్ మూసేస్తారు, అక్టోబర్ చివర, నవంబర్ మంచి టైమ్. అక్కడ మీ ఒంటికి ఎత్తు పడుతుందో లేదో కూడా తెలిసిపోతాది. 2500 మీటర్లు దాటాక ఎవరికైనా తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం రావొచ్చు, వయసుకీ బలానికీ సంబంధం లేదు. తలనొప్పి వస్తే ఆరోజు ఇంక పైకి వెళ్లకూడదు, అక్కడే పడుకోవాలి. తగ్గకుండా పెరుగుతున్నా, మనిషి తూలుతున్నా, మాట తికమకగా ఉన్నా రాత్రైనా సరే కిందకి దింపాలి. 3000 దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదు అని డాక్టర్లు చెప్తారు. మాత్ర వేసుకోవాలా వద్దా అనేది మీ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి, పక్కవాళ్లు ఇచ్చింది వేసేసుకోకండి. ఆల్ప్స్‌లో మనం వెళ్లే హట్‌లు చాలామటుకు 1800 నుంచి 2800 మధ్యలో ఉంటాయి కాబట్టి మొదటి రెండు రాత్రులు 2000 లోపు పడుకుంటే చాలామందికి సరిపోతాది.

టైమ్ ఎప్పుడంటే, జూన్ చివర నుంచి సెప్టెంబర్ చివర దాకా, అప్పుడే హట్‌లు తెరుస్తారు. మొదటిసారికి జూలై మొదట్లో వద్దు. కింద ఎండ కాస్తుంటాది, పువ్వులు పూస్తుంటాయి, కనుమ మీదకి వెళ్లేసరికి అవతల ఉత్తరం వైపు వాలులో గట్టిపడ్డ మంచు ఉంటాది, పొద్దున్న అది గాజులాగ జారుతాది, పక్కన పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య మన దసరా ముందు రోజులు, అది బాగుంటాది. ఏ నెలైనా బయల్దేరేముందు మీరు పడుకోబోయే హట్‌కి ఫోన్ చేసి దారిలో మంచు ఉందా అని అడగండి, వాళ్ల కంటే బాగా ఎవరికీ తెలీదు, అడిగితే విసుక్కోరు.

చలి లెక్క సులువే, ప్రతి 1000 మీటర్లకి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాది. ఆస్ట్రియాలో మైర్‌హోఫెన్ ఊరు 630 మీటర్లు, అక్కడ 25 డిగ్రీలు ఉంటే 2800 మీటర్ల కనుమ మీద 11 ఉంటాది, దానికి గాలి తోడైతే ఇంకా చలి, ఆగస్టులో కూడా మంచు కురవొచ్చు. కాటన్ బనీను, జీన్స్ వద్దు, చెమటకి తడిసి ఆరవు. పలచటి సింథటిక్ లేదా ఉన్ని చొక్కా, మీద ఫ్లీస్, మీద వాన ఆపే జాకెట్, టోపీ, గ్లవ్స్. స్వెట్టర్ ఒకటే మందంగా వేసుకోడం కంటే మూడు పలచటివి మేలు, ఎక్కేటప్పుడు తీసెయ్యొచ్చు, ఆగినప్పుడు వేసుకోవచ్చు.

దారి రంగులు చూసుకోండి, ఇది బోర్డు మీద చిన్న గుర్తే గానీ ప్రాణం మీదకి వచ్చేది ఇక్కడే. ఆస్ట్రియాలో నీలం అంటే సులువు, ఎరుపు అంటే మధ్యరకం, నలుపు అంటే కష్టం. స్విట్జర్లాండ్‌లో పసుపు బోర్డు మామూలు నడకదారి, తెలుపు-ఎరుపు-తెలుపు కొండదారి, తెలుపు-నీలం-తెలుపు అయితే చేతులతో పట్టుకుని ఎక్కాల్సినవి, మంచు దాటాల్సినవి ఉంటాయి, మనం అటు వెళ్లకూడదు. అక్కడ ఆల్పైన్ క్లబ్‌వాళ్లు టీ1 నుంచి టీ6 దాకా గ్రేడ్ ఇస్తారు, మొదటిసారి టీ2, బాగా అలవాటయ్యాక టీ3, అంతే. నీలం రంగు ఒక దేశంలో సులువు, పక్క దేశంలో ప్రమాదం, బోర్డర్ దాటినప్పుడు ఇది మర్చిపోకండి.

పొద్దున్న ఏడింటికి హట్ నుంచి బయటపడాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ ఉరుములొస్తాయి, మన వైశాఖంలో గాలివాన వచ్చినట్టే, పొద్దున్న ఆకాశం కడిగినట్టు ఉంటాది, పన్నెండింటికి తెల్ల మేఘాలు గోపురాల్లాగ లేస్తాయి, రెండు మూడింటికి పిడుగులు. ఆ టైమ్‌కి మీరు కనుమ దాటి కిందకి వచ్చేసి ఉండాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో వస్తాది, 30 సెకన్ల లోపు ఉంటే ఇంక శిఖరం అంచు మీద ఉండకూడదు, ఒంటరి చెట్టు కింద, ఇనప తాడు పక్కన నిలబడకూడదు, పోల్స్ దూరంగా పడేసి, కాళ్లు రెండూ దగ్గరపెట్టి బ్యాగ్ మీద గొంతుక్కూర్చోవాలి. అసలు ఆ పరిస్థితి రాకుండా వెనక్కి తిరగడమే మంచిది. పొద్దున్నే మనసులో ఒక టైమ్ పెట్టుకోండి, పదకొండున్నరకి కనుమ మీద లేకపోతే వెనక్కి, అని. టైమ్ అయ్యాక ఇంకొంచెమే కదా అని ఎవరన్నా సరే, బావగారైనా సరే, వినకూడదు.

ఇంక హట్ గురించి. హట్ అంటే మన పూరిగుడిసె కాదు, కొన్ని మూడంతస్తుల రాతి ఇళ్లు, వంద మంది పడుకుంటారు. హోటల్ కూడా కాదు. చాలామటుకు ఆల్పైన్ క్లబ్‌లవి, ఆస్ట్రియావాళ్ల క్లబ్ 1862లో, స్విస్ వాళ్లది 1863లో, జర్మన్‌వాళ్లది 1869లో పెట్టారు, అప్పట్నుంచీ సభ్యుల చందాలతో కట్టుకుంటూ వచ్చారు. ఆస్ట్రియాలో జిల్లర్‌టాల్ లోయలో 2042 మీటర్ల దగ్గర బెర్లినర్ హ్యూట్టె (హ్యూట్టె అంటే జర్మన్‌లో హట్) అని ఒకటి 1879లో తెరిచారు, లోపల చెక్క పని చేసిన పెద్ద భోజనాల హాలు చూస్తే మన పాత జమీందారు బంగళాలు గుర్తొస్తాయి. మీ పిల్లలు అక్కడే ఉంటే ఒక క్లబ్‌లో సభ్యత్వం తీసుకోమనండి, రాత్రి బసకి తగ్గింపు వస్తాది, ఆస్ట్రియా క్లబ్ సభ్యత్వంలో అయితే రెస్క్యూ ఇన్సూరెన్స్ కూడా కలిసే ఉంటాది.

బుకింగ్ ఆన్‌లైన్‌లో చలికాలంలోనే చూసుకోండి, శని ఆదివారాలు ముందే నిండిపోతాయి. వెళ్లలేకపోతే తప్పకుండా క్యాన్సిల్ చెయ్యాలి, ఆలస్యమైతే ఫోన్ చెయ్యాలి, ఇది మర్యాద కోసం మాత్రమే కాదు, మా విషయంలో చూశారు కదా, మీరు రాకపోతే మీకేదో అయిందని వెతకడానికి మనుషులు బయల్దేరతారు. ఖర్చు ఇంచుమించు మంచం, రాత్రి భోజనం, పొద్దుట టిఫిన్ కలిపి మనిషికి 60 నుంచి 80 యూరోలు, స్విట్జర్లాండ్‌లో ఇంకా ఎక్కువ. క్యాష్ తీసుకెళ్లండి, కార్డ్ మెషిన్ సిగ్నల్ ఉంటేనే పనిచేస్తాది.

చేరగానే చెయ్యాల్సినవి వరసగా చెప్తాను. షూ గుమ్మం దగ్గర గదిలోనే విప్పాలి, మన ఇంట్లో లాగే, అక్కడ చెప్పులు ఉంటాయి గానీ మన హవాయి చెప్పులు తీసుకెళ్తే ఇంకా హాయి. పోల్స్ కూడా అక్కడే. తర్వాత పెద్దాయన దగ్గరో పెద్దావిడ దగ్గరో పేరు చెప్పి పడక చూపించుకోవాలి. పుస్తకం ఒకటి ఉంటాది, అందులో పేరు, ఎక్కడ్నుంచి వచ్చారు, రేపు ఎక్కడికి వెళ్తారు అన్నీ రాయాలి, ఆ రేపు ఎక్కడికి అనే గడి ఖాళీగా వదలకండి, మనం తప్పిపోతే ఎటు వెతకాలో చెప్పేది ఆ ఒక్క గడే. పడకలు లాగర్ అంటారు, అంటే పొడుగు అరుగు మీద పక్కపక్కనే పరుపులు, ఆడామగా ఒకే గదిలో, కొత్తగా అనిపిస్తాది గానీ ఎవరి లోకం వాళ్లది. దుప్పటి ఇస్తారు, దాని లోపల వేసుకునే పలచటి సంచి లాంటి లైనర్ మనదే ఉండాలి, అది తప్పనిసరి. పాత కాటన్ చీర మధ్యకి మడిచి రెండు వైపులా కుట్టించుకోండి, పెద్ద బరువు ఉండదు, మా అక్క నాకు అలాగే కుట్టిచ్చింది. రాత్రి పదింటికి లైట్లు ఆపేస్తారు, తర్వాత ప్లాస్టిక్ కవర్ల చప్పుడు కూడా చెయ్యకూడదు, అంచేత పొద్దుటికి కావాల్సినవి సాయంత్రమే సర్దేసుకోండి. చెవిలో పెట్టుకోడానికి ఇయర్ ప్లగ్స్ మర్చిపోకండి.

నీళ్లూ కరెంటూ అక్కడ చాలా విలువైనవి. సామానంతా హెలికాప్టర్‌లోనో రోప్ మీదో వస్తాది, స్నానం ఉంటే టోకెన్ కొని రెండు మూడు నిమిషాలు, చాలా చోట్ల అసలు ఉండదు. కొళాయి మీద కైన్ ట్రింక్‌వాసర్ అని రాసుంటే తాగే నీళ్లు కాదు అని. చెత్త మనదే మనమే కిందకి మోసుకెళ్లాలి, చిప్స్ ప్యాకెట్ దగ్గర్నుంచి అన్నీ. ఫోన్‌కి పవర్ బ్యాంక్ ఉంచుకోండి. ఇంకో ముచ్చట, కొండ మీద ఎవరు ఎదురుపడినా గ్రూస్ గాట్ అనో సెర్వుస్ అనో పలకరిస్తారు, కింద ఊళ్లో మీరు అనేవాళ్లు కూడా పైకి వచ్చాక పెద్దా చిన్నా లేకుండా నువ్వు అనే మాట్లాడతారు, అగౌరవం అనుకోకండి.

తిండి. శాకాహారం అయితే బుకింగ్‌లోనే రాయండి, గుడ్డు తినకపోతే అది కూడా విడిగా రాయండి, ఎందుకంటే కైజర్‌ష్మార్న్ అని తియ్యటి అట్టు ముక్కలు చేస్తారు, దాంట్లో గుడ్డు ఉంటాది, పప్పు సూప్ అని ఇచ్చినదాంట్లో సాసేజ్ ముక్కలు ఉండొచ్చు. చీజ్ వేసిన ష్పెట్స్‌లె అని నూడుల్స్ లాంటివి (దాంట్లోనూ గుడ్డు ఉంటాది), బంగాళాదుంప, బ్రెడ్డు, సలాడ్ దొరుకుతాయి. కందిపొడి, కరివేపాకు పొడి చిన్న డబ్బాల్లో తీసుకెళ్తే అన్నీ తినబుద్ధవుతాయి. ఇండియా నుంచి నెయ్యి, పాలకోవా, పనీరు, మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టకండి, యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బ్యాగ్‌లో తేకూడదని రూలు ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో తీసేస్తారు. వేరుశెనగ చిక్కీ, జీడిపప్పు, వేయించిన శెనగలు, మరమరాలు దారిలో తినడానికి అంతకంటే మంచివి లేవు, మన పలాస జీడిపప్పు నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే ఇంకో గంట నడవొచ్చు. హట్ భోజనాల గదిలో మాత్రం మన డబ్బాలు విప్పి పరచకండి, వాళ్లకి బతుకుతెరువు ఆ వంటే.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉండాలి, అందరూ అది తీసుకుని సరిపోయిందనుకుంటారు. కాగితం చివరిదాకా చదవండి, కొన్ని పాలసీల్లో ట్రెకింగ్ ఉండదు, కొన్నిట్లో ఇన్ని మీటర్ల పైన చెల్లదు అని ఉంటాది, హెలికాప్టర్ రెస్క్యూ ఉందా అని రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. ఆస్ట్రియాలో సరదాకి నడుస్తూ పడిపోయి హెలికాప్టర్ వస్తే ఆ బిల్లు మనకే వస్తాది. ఎమర్జెన్సీ నంబర్ యూరప్ అంతా 112, ఆస్ట్రియాలో మౌంటెన్ రెస్క్యూకి 140, స్విట్జర్లాండ్‌లో రేగా వాళ్ల హెలికాప్టర్‌కి 1414. ఫోన్ పనిచెయ్యకపోతే విజిల్‌తోనో టార్చ్‌తోనో నిమిషంలో ఆరుసార్లు, అంటే పది సెకన్లకి ఒకసారి, తర్వాత ఒక నిమిషం ఆపి, మళ్లీ ఆరుసార్లు. అటునుంచి నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే మనల్ని చూశారని అర్థం. హెలికాప్టర్ వచ్చాక రెండు చేతులూ పైకెత్తితే సాయం కావాలి అని, ఒక చెయ్యి పైకి ఒకటి కిందకి ఉంటే అక్కర్లేదు అని. ఊరికే చెయ్యి ఊపి టాటా చెప్పకండి.

దారిలో ఆవులుంటాయి, మెడలో గంటలతో. దూడ ఉన్న ఆవు దగ్గరికి వెళ్లి నిమరకండి, ఫొటో కోసం మధ్యలో దూరకండి, అక్కడ మందగా స్వేచ్ఛగా పెరిగిన ఆవులు అవి, దూడ కోసం కుమ్ముతాయి. చుట్టూ తిరిగి వెళ్లండి, గేటు తీస్తే మళ్లీ వెయ్యండి.

మొదటి నడకకి ఎక్కడికి అంటే నేను ఒకటే చెప్తాను. జిల్లర్‌టాల్‌లో ష్లెగైస్ డ్యామ్ 1782 మీటర్లు, ఎండాకాలం మైర్‌హోఫెన్ నుంచి అక్కడిదాకా బస్సు ఉంటాది. అక్కడ్నుంచి ఓల్పెరర్ హ్యూట్టె 2389 మీటర్లు, అంటే 600 మీటర్లు ఎక్కాలి, మన లెక్క ప్రకారం ఎత్తుకే రెండు గంటలు, పావు వంతు కలిపితే రెండున్నర, దూరానికి పట్టే టైమ్‌లో సగం దాని మీద కలుపుకోండి. పైన చిన్న వేలాడే వంతెన ఉంది, కింద నీలం నీళ్లు, ఫొటోకి క్యూ కడతారు, అందుకని ఒక రాత్రి అక్కడే ఉండి పొద్దున్న ఆరింటికి వెళ్తే వంతెన ఖాళీగా దొరుకుతాది. ఇటలీ వైపు అయితే డోలమైట్స్ కొండల్లో త్రే చీమె అనే మూడు శిఖరాల చుట్టూ ఒక రోజు నడక, 2454 మీటర్ల ఫోర్చెల్లా లావరేదో కనుమ దాటి 2405 మీటర్ల దగ్గర లొకాటెల్లి హట్. ఈ రెండూ చేశాక, ఒక ఏడాది ఆగి, మోకాళ్లు ఒప్పుకుంటే మోంట్ బ్లాంక్ చుట్టూ తిరిగే దారి గురించి ఆలోచించండి, అది దాదాపు 170 కిలోమీటర్లు, మూడు దేశాలు, మొత్తం ఎక్కేది 10,000 మీటర్ల దగ్గర. గిరిప్రదక్షిణ అంటే అదీ, పది పదకొండు రోజులు పడతాది.

అమ్మానాన్నల సంగతి. మా అమ్మకి అరవై రెండు, కిందటేడాది అక్క దగ్గరికి వెళ్లింది. మూడు నెలలు ఇంటి మేడమెట్లు రోజూ ఎక్కి దిగింది, ఎక్కడం కంటే దిగడం రెండు రెట్లు చేయించాను, చేతికి పోల్స్ అలవాటు చేశాను, మొదట కర్రలు పట్టుకుని వీధిలోకి రానంది. అక్కడ కేబుల్ కార్‌లో పైకి తీసుకెళ్లి, చదునుగా ఉన్న దారిలో గంట నడిపించి ఒక హట్‌కి చేర్చాం. బంగాళాదుంప సూప్ తాగింది, పుస్తకంలో పేరు తెలుగులో రాసింది, ఊరు పర్లాకిమిడి అని రాసింది, ఎక్కడికి వెళ్తున్నారు అనే గడిలో ఏం రాయాలని అడిగితే, కిందకి అని రాయి అన్నాను. తిరిగి కేబుల్ కార్‌లోనే దించాం. చివరి కారు ఎన్నింటికో ఎక్కేటప్పుడే బోర్డు చూసి ఫొటో తీసుకోండి, చాలా చోట్ల సాయంత్రం ఐదుకల్లా ఆపేస్తారు, అది తప్పితే ఆ వయసువాళ్లని వెయ్యి మీటర్లు నడిపించి దించాలి.